స్నేహితులకు, ఇరుగుపొరుగుకు సాయపడటం చిన్నపిల్లలకు నేర్పడం ఎలా?

ఏడాదిన్నర పిల్లల ఎదురుగా ఒక పెద్దమనిషి బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుచుకున్నాడు. చెయ్యి చాచినా అందక అవస్థ పడుతున్నాడు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమసెల్లో అనే పరిశోధకులు ఇలాంటి సన్నివేశాలు కల్పించి పిల్లలు ఏం చేస్తారో చూశారు. 2006లో ఆ ఫలితాలు ప్రచురించారు. చాలామంది పిల్లలు ఎవరూ చెప్పకుండానే వెళ్లి క్లిప్పు తీసి అందించారు. అదే క్లిప్పును ఆయన కావాలని విసిరేసినప్పుడు మాత్రం అంతగా కదల్లేదు. ఎదుటివాళ్లకు అవసరం ఉందా లేదా అన్నది మాటలు సరిగ్గా రాని వయసులోనే వాళ్లకు తెలుస్తోందన్నమాట.

కాబట్టి పిల్లలకు మంచి మనసు మనం కొత్తగా పెట్టక్కర్లేదు. లేనిది పద్ధతి. ఎవరికి ఏం కావాలో గమనించాలి, అడిగి చేయాలి, ఒప్పుకున్నది పూర్తి చేయాలి. ఇవి మాత్రం నేర్పితేనే వస్తాయి. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు వీటిని ఏ వరసలో నేర్పితే బాగుంటుందో ఇక్కడ చెబుతున్నాను. వీటన్నిటిలోనూ నేను ఎక్కువగా పట్టుబట్టేది 'అడిగి చేయడం' గురించి. చాలా ఇళ్లలో వదిలేసేదీ అదే.

1. ముందు చూడటం నేర్పండి

ఆటలో మునిగిపోయిన పిల్లలకు పక్కన ఏం జరుగుతోందో కనిపించదు. దాన్ని స్వార్థం అనుకోవద్దు. వయసు అలాంటిది. వాళ్ల చూపును పక్కకు తిప్పే పని మనది.

దీనికి పాఠాలు చెప్పక్కర్లేదు, ప్రశ్న వేస్తే చాలు. ఇద్దరూ కలిసి బయటికి వెళ్తున్నారు. ఎదురింటి ఆంటీ రెండు చేతుల్లో సంచులతో గేటు దగ్గరికి వస్తున్నారు. "వెళ్లి గేటు తియ్యి" అనకండి. "ఆంటీ రెండు చేతుల్లోనూ సంచులున్నాయి కదా, గేటు ఎలా తీస్తారంటావ్?" అని అడిగి ఊరుకోండి. మొదటి మాటతో అయితే పిల్లాడు మీరు చెప్పిన పని చేస్తాడు, అంతే. రెండో మాటతో ఆవిడ ఇబ్బందిని తన కళ్లతో చూస్తాడు. రేపు మీరు పక్కన లేకపోయినా పనికొచ్చేది ఆ చూపే. జవాబు రావడానికి కాస్త టైమ్ పడుతుంది. ఈలోపు ఆంటీ గేటు తానే తీసుకుని వెళ్లిపోయినా నష్టం లేదు. "ఈసారి ఇలా కనిపిస్తే మనమేం చేయొచ్చు?" అని అడగండి.

బొమ్మల పుస్తకాలూ దీనికి బాగా పనికొస్తాయి. "ఈ కుందేలు ఏడుస్తోంది చూడు" అని మీరే చెప్పేసి పేజీ తిప్పేయకండి. "దీని మొహం ఎలా ఉంది? ఎందుకలా ఉందంటావ్?" అని పిల్లల చేత చెప్పించండి. సీలియా బ్రౌనెల్ అనే పరిశోధకురాలి బృందం రెండేళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లల మీద చేసిన ఒక అధ్యయనాన్ని 2013లో ప్రచురించింది. పుస్తకం చూసేటప్పుడు భావాల గురించి పిల్లల చేత మాట్లాడించే తల్లిదండ్రుల పిల్లలు సాయానికి త్వరగా ముందుకొచ్చారు. తల్లిదండ్రులు తామే ఎక్కువ మాట్లాడిన చోట ఆ తేడా కనిపించలేదు.

ఇక్కడ ఇంకో సంగతి తెలుసుకుంటే మీకూ పిల్లలకూ టెన్షన్ తగ్గుతుంది. సాయాలన్నీ ఒకే తీరుగా ఉండవు. పడిపోయిన వస్తువు తీసివ్వడం లాంటి పని సాయం పిల్లలకు తేలిక. బాధలో ఉన్నవాళ్లను ఓదార్చడం అంతకన్నా కష్టం, ఎందుకంటే అవతలివాళ్ల మనసులో ఏముందో ఊహించాలి. తన సొంత వస్తువు వదులుకుని ఇవ్వడం అన్నిటికన్నా కష్టం. రెండేళ్ల ప్రాయంలోని పిల్లల మీద 2010లో వచ్చిన ఒక పరిశోధనలోనూ ఇదే వరస కనిపించింది. మనమేమో చాలాసార్లు తిరగేసి మొదలుపెడతాం. "నీ బొమ్మ తమ్ముడికి ఇచ్చెయ్" అన్నదే మొదటి పాఠమైతే సాయం అంటే పోగొట్టుకోవడం అని పిల్లలకు అనిపించదా? పని సాయంతో మొదలుపెట్టండి. పంచుకోవడం తర్వాత వస్తుంది.

2. "సాయం చేయనా?" అని అడగడం నేర్పండి

నాలుగేళ్ల పిల్లలిద్దరు ఆడుకుంటున్నారు. ఒకడు బ్లాకులతో ఎత్తుగా మేడ కడుతున్నాడు. పై రెండు వరసలూ కూలిపోయాయి. రెండోవాడు పరుగున వచ్చి, పడ్డ బ్లాకులన్నీ ఏరి, చకచకా మళ్లీ పేర్చేశాడు. మేడ నిలబడింది గానీ కట్టేవాడు బావురుమన్నాడు. రెండోవాడికి ఏమీ అర్థం కాలేదు. తాను చేసింది మంచిపనే కదా! అవతలివాడికి కావాల్సింది మేడ కాదు, దాన్ని తన చేత్తో కట్టుకోవడం. బహుశా బ్లాకులు ఏరి ఇస్తే చాలనేవాడు. లేదంటే పక్కన కూర్చుని చూడమనేవాడు. అడిగి ఉంటే తెలిసేది.

ఇలాంటప్పుడు రెండోవాణ్ని కోప్పడకండి. "నువ్వు సాయం చేద్దామనుకున్నావ్, వాడికి తానే కట్టుకోవాలని ఉంది. ఈసారి ముందు అడుగుదామా?" అనండి. ఆ తర్వాత ఈ మూడు మాటలూ ఆటలా ప్రాక్టీస్ చేయించండి:

"సాయం చేయనా?"
"ఏం చేయమంటావ్?"
"సరే, కావాలంటే పిలువు."

మూడోది ఎక్కువసార్లు చేయించండి, ఎందుకంటే కష్టమంతా అక్కడే ఉంది. ఆటలో మీరు చెప్పు పట్టీ పెట్టుకోలేక తంటాలు పడుతున్నట్టు నటించండి. పాప వచ్చి అడుగుతుంది. ఒకసారి "అమ్మయ్య, కాస్త పట్టుకో" అనండి. ఇంకోసారి "వద్దులే, నేనే పెట్టుకుంటా" అనండి. వద్దన్నప్పుడు మొహం మాడ్చుకోకుండా వెనక్కి తగ్గడం కూడా సాయంలో భాగమేనని అప్పుడే తెలుస్తుంది. తర్వాత పాత్రలు మార్చండి. ఎవరో అడక్కుండా వచ్చి తన చేతిలో పని లాక్కుంటే ఎలా ఉంటుందో పాపకూ తెలియాలి.

పెద్దవాళ్లతో అయితే మాట మారాలి కదా. "తాతగారూ, ఈ సంచి నేను పట్టుకోనా?", "పిన్నిగారూ, తలుపు తీసి పట్టుకోమంటారా?" అని ఇంట్లోనే అలవాటు చేయండి. బిడియం ఎక్కువున్న పిల్లలకు నోట మాట రాకపోవచ్చు. అలాంటివాళ్లు మీ చెయ్యి పట్టుకుని నిలబడితే మీరు అడగండి, పని వాళ్లు చేస్తారు. నోరు పెగలడానికి తొందరపెట్టకండి.

ఒకరికన్నా ఎక్కువమంది పిల్లలున్న చోట ఇంకో చిక్కు వస్తుంది. అయిదేళ్ల పిల్లల మీద చేసి 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, పక్కన సాయం చేయగల ఇతర పిల్లలు ఉన్నప్పుడు సాయానికి కదిలినవాళ్లు తగ్గారు. ఒంటరిగా ఉన్న పిల్లలు మాత్రం బాగానే కదిలారు. 'ఎవరో ఒకరు చేస్తారులే' అన్న ధోరణి అంత చిన్న వయసులోనే మొదలవుతుంది. అందుకే "ఎవరు ముందు చూస్తే వాళ్లే ముందు అడగాలి" అని ఇంట్లో ఒక రూలు పెట్టుకోండి.

3. ఇంట్లో నిజమైన పని ఇవ్వండి

పక్కింట్లో సంచి మోయాలంటే ముందు సొంతింట్లో మోసి ఉండాలి. బొమ్మ చీపురు, ఉత్తుత్తి పని ఇచ్చి మురిపించకండి. అది ఉత్తుత్తిదని మూడేళ్ల పిల్లలకు కూడా తెలిసిపోతుంది. ఉతికిన బట్టల్లో సాక్సులు జతచేయడం, భోజనానికి కంచాలు పెట్టడం, చెప్పులు వరసగా సర్దడం లాంటివి చేయకపోతే ఎవరికో ఒకరికి లోటు తెలిసే పనులు. అవి ఇవ్వండి. మీరు చేస్తే రెండు నిమిషాల్లో అయిపోయే పనికి వాళ్లు పావుగంట తీసుకుంటారు. వాళ్లు చేసి వెళ్లాక దాన్ని మళ్లీ మీరు సరిదిద్దుతూ వాళ్ల కంట మాత్రం పడకండి.

4. స్నేహితులకు ఏమేం చేయొచ్చు?

"ఫ్రెండ్స్‌కి హెల్ప్ చేయాలి" అని ఊరికే చెబితే పిల్లలు బుద్ధిగా తలూపుతారు, ఏం చేయాలో మాత్రం తెలియదు. సందర్భాలు విడివిడిగా చెప్పండి.

క్లాసులో కొత్తగా ఎవరైనా చేరితే, బాత్రూమ్ ఎక్కడో, మంచినీళ్లు ఎక్కడో చూపించొచ్చు. "మాతో ఆడతావా?" అని పిలవొచ్చు. ఇలా పిలవడం అయిదేళ్ల పిల్లలు చేయగల సాయాల్లో చాలా పెద్దదని నా అభిప్రాయం. ఆటలో చేర్చుకోవడం పెద్దవాళ్ల చేతుల్లో లేదు. టీచర్ బలవంతంగా చేర్పించినా పిల్లలు పిలిచినట్టు ఉండదు. జబ్బు చేసి నాలుగు రోజులు రాని స్నేహితుడికి ఆ రోజుల్లో ఏం చెప్పారో చెప్పొచ్చు, నోట్స్ చూపించొచ్చు. అయితే హోమ్‌వర్క్ చేసిపెట్టడం సాయం కాదని కూడా అదే నోటితో చెప్పాలి. ఎలా చేయాలో చూపించి, వాడి పుస్తకంలో వాడినే రాయనివ్వాలి.

ఏడుస్తున్న స్నేహితుల దగ్గర చిన్నపిల్లలు సాధారణంగా తమకు ఏది ఊరటో అదే ఇవ్వబోతారు. తన మెత్తటి బొమ్మ తెచ్చి చేతిలో పెడతారు. మంచి ప్రయత్నమే. కానీ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందని చెప్పండి: "కొందరికి పక్కన కూర్చుంటే బాగుంటుంది, కొందరికి కాసేపు ఒంటరిగా ఉండాలనిపిస్తుంది. 'పక్కన కూర్చోనా, అమ్మను పిలవనా?' అని అడుగు." రెండు దారులు చూపి అడిగితే ఏడుపులో ఉన్న పిల్లలు కూడా తలూపి జవాబు చెప్పగలరు. "ఏడవకు" అనడం మాత్రం నేర్పకండి.

ఎవరైనా కింద పడి దెబ్బ తగిలించుకుంటే లేపబోకూడదు, లాగకూడదు. ఒకరు పక్కన ఉండాలి, ఇంకొకరు పెద్దవాళ్లను పిలుచుకురావాలి. ఇక్కడ 'అడిగి చేయడం' వర్తించదు. పడ్డవాడు "ఎవరికీ చెప్పొద్దు" అన్నా చెప్పాల్సిందే.

ఒక పిల్లాణ్ని పదిమంది ఏడిపిస్తుంటే ఏం చేయాలన్నది తల్లిదండ్రుల్ని బాగా కలవరపెట్టే ప్రశ్న. మీ పిల్లల్ని ఎదురు నిలిచి గొడవపడమని పంపకండి. ఏడిపిస్తుంటే నవ్వకుండా ఉండటం, ఆ పిల్లాణ్ని "రా, మనం అటు వెళ్దాం" అని పక్కకు పిలుచుకుపోవడం, టీచర్‌కి చెప్పడం నేర్పండి. టీచర్‌కి చెబితే చాడీలు చెప్పినట్టేనని పిల్లలు భయపడతారు. తేడా ఇలా చెప్పండి: "ఎవర్నో తిట్టించడానికి చెబితే చాడీ. ఎవర్నో కాపాడటానికి చెబితే సాయం."

5. ఇరుగుపొరుగు దగ్గరికి మీరూ కలిసి వెళ్లండి

మొదట్లో ప్రతిసారీ పిల్లలతో మీరుండాలి. ముందుగా మీ ఇంటి చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికి ఏ సాయం పనికొస్తుందో పిల్లలతో కలిసి ఆలోచించండి. పెద్దవయసు వాళ్లకు కింద పడ్డవి తీసివ్వడం, మెట్ల మీద సంచి ఒక చెవి పట్టుకోవడం లాంటివి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో తల్లి కళ్లముందే ఉండి కాసేపు పాపను ఆడించడం. ఒంట్లో బాగాలేనివాళ్లకు ఒక బొమ్మ గీసి ఇవ్వడం. కొన్ని ఇళ్లలో కావాల్సింది పని కాదు, పలకరింపు. స్కూల్ నుంచి వచ్చేటప్పుడు గుమ్మంలో కూర్చున్న తాతగారితో అయిదు నిమిషాలు కబుర్లు చెప్పడం కూడా సాయమేనని పిల్లలకు తెలియాలి.

పిల్లల తరఫున మీరు ముందే మాట్లాడి పెట్టేయకండి. ఆ ఇంటివాళ్లకు ఇష్టమేనా అన్నది మాత్రం కనుక్కోండి. సాయం తీసుకోవడానికి మొహమాటపడేవాళ్లూ ఉంటారు. అక్కడ కూడా ఆ మూడు మాటలే.

ఊరెళ్లిన పక్కింటివాళ్ల మొక్కలకు నీళ్లు పోయడం ఆరేడేళ్ల పిల్లలకు చక్కటి మొదటి బాధ్యత. దీన్ని ఎలా అప్పగించాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఏ పని అప్పగించినా పద్ధతి ఇదే. పక్కింటివాళ్లు బయల్దేరకముందే పిల్లల్ని తీసుకెళ్లి, ఏ మొక్కకు ఎప్పుడు పోయాలో వాళ్ల నోటే చెప్పించండి. పిల్లల చేత ఒకసారి చేయించి చూపించండి: వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చాలి. తడి తగిలితే ఆ రోజు పోయక్కర్లేదు. పొడిగా ఉంటే మొదట్లో నెమ్మదిగా పోయాలి. కుండీ కింది రంధ్రం నుంచి నీళ్లు రావడం మొదలవగానే ఆపాలి. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి. పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు పోయకపోవడం కాదు, ప్రేమ కొద్దీ రోజూ కుండీ నిండా పోయడం. వేలు గుచ్చి చూసే ఆ ఒక్క అలవాటూ మొక్కను కాపాడుతుంది, పైగా ముందు అవసరం చూసి తర్వాత చేయాలన్న మొదటి పాఠం మళ్లీ చేతికి అందుతుంది.

పోయాల్సిన రోజులు క్యాలెండర్‌లో పిల్లల చేతే గుర్తు పెట్టించండి. మర్చిపోతే ఒకసారి గుర్తు చేయండి. గుట్టుచప్పుడు కాకుండా మీరే వెళ్లి పోసి రాకండి. ఒక మొక్క వాడిపోతే పక్కింటివాళ్లు వచ్చాక పిల్లలే చెప్పాలి, మీరు పక్కన నిలబడితే చాలు.

6. హద్దులు గట్టిగా చెప్పండి

సాయం చేయమని నేర్పే ప్రతి ఇంట్లోనూ ఇవి కూడా నేర్పి తీరాలి. మెత్తగా, భయపెట్టకుండా, కానీ తడబాటు లేకుండా చెప్పండి.

పెద్దవాళ్లకు సాయం కావాలంటే పెద్దవాళ్లనే అడుగుతారు. తెలియని మనిషి "నా కుక్కపిల్ల తప్పిపోయింది, వెతికిపెడతావా?" అనో "దారి చూపిస్తావా?" అనో చిన్నపిల్లల్ని పిలిస్తే వెళ్లకూడదు, వెంటనే వచ్చి ఇంట్లో చెప్పాలి. తెలిసినవాళ్లయినా సరే, ఇంట్లో చెప్పకుండా ఎవరింటి లోపలికీ వెళ్లకూడదు. "మీ అమ్మకు చెప్పకు" అని ఎవరు అన్నా అది సాయం కాదు, ఆ మాట ముందు అమ్మకే చెప్పాలి.

మందులు, పొయ్యి, కత్తులు ఎవరు అడిగినా ముట్టుకోకూడదు. పెంపుడు జంతువును యజమానిని అడిగాకే తాకాలి. నీళ్లలో ఎవరైనా పడితే తాను దిగకూడదు, గట్టిగా కేకలు పెట్టి పెద్దవాళ్లను పిలవాలి. కరెంట్ షాక్ కొట్టినవాళ్లను పట్టుకుని లాగకూడదు. స్పృహ తప్పినవాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ఇలాంటి చోట్ల పిల్లలు చేయగల గొప్ప సాయం పరుగెత్తి పెద్దవాళ్లకు చెప్పడమే. అందుకే ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబరు, మీరుండే చోట అత్యవసర నంబరు నోటికి వచ్చేలా చేయండి.

7. మెచ్చుకోండి, కూలి కట్టకండి

సాయం చేసిన ప్రతిసారీ చాక్లెట్టో, స్టిక్కరో ఇవ్వాలనిపిస్తుంది. వద్దు. వార్నెకెన్, టోమసెల్లోలే 2008లో మరో ప్రయోగం ప్రచురించారు. ఇరవై నెలల పిల్లల్లో సాయానికి బదులుగా బహుమతి అందుకున్నవాళ్లు, ఆ తర్వాత బహుమతి ఆపేస్తే సాయం చేయడం తగ్గించారు. ఏమీ అందుకోనివాళ్లు, ఒట్టి మెచ్చుకోలు అందుకున్నవాళ్లు మామూలుగానే చేస్తూ వచ్చారు.

మెచ్చుకోలులో కూడా "గుడ్ బాయ్" కన్నా ఏం జరిగిందో చెప్పడం మేలు. "నువ్వు తలుపు పట్టుకున్నావు కదా, ఆంటీ సంచి దించకుండానే లోపలికి వెళ్లిపోయారు." పిల్లల చూపు మళ్లీ సాయం అందుకున్న మనిషి వైపే వెళ్తుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో "సాయం చేయడం" గురించి మాట్లాడినప్పటికన్నా "సాయం చేసే మనిషిగా ఉండటం" గురించి మాట్లాడినప్పుడు వాళ్లు ఎక్కువ సాయం చేశారు. కానీ 2018లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, చేసిన సాయం బెడిసికొట్టినప్పుడు అలా బిరుదు తగిలించిన పిల్లలే ఎక్కువగా వెనక్కి తగ్గారు. కాబట్టి బిరుదు తగిలించడం కన్నా పని గురించి మాట్లాడటమే నయమని నేనంటాను. చిన్నపిల్లల సాయాలు ఎక్కువగా బెడిసికొట్టేవే కదా: నీళ్లు ఒలుకుతాయి, సంచి చెవి తెగుతుంది.

ఇంకొక మాట. పిల్లలు సాయం చేస్తుంటే ఫోన్ తీసి ఫొటోలు, వీడియోలు తీయకండి. సాయం తీసుకుంటున్న మనిషికి అది ఎలా ఉంటుందో ఆలోచించండి. పిల్లలు కూడా ఆ మనిషి మొహం వదిలేసి కెమెరా వైపు చూడటం మొదలుపెడతారు.

8. కొన్ని రోజులు చేయనంటారు

ఆకలేసినప్పుడు, నిద్రొచ్చినప్పుడు, వాళ్లే ఏదో బాధలో ఉన్నప్పుడు ఎంత అలవాటున్న పిల్లలైనా కదలరు. "చూడు, పక్కింటి పాప ఎంత బుద్ధిగా చేస్తుందో" అని పోల్చొద్దు. ఆ పాప మీద కోపం తప్ప మరేమీ రాదు. అప్పటికప్పుడు చేయాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికి వదిలేయండి. మాటిచ్చిన పనైతే మాత్రం వదలకండి. "ఇవాళ నీకు ఓపిక లేదు, మొక్కలేమో ఎదురుచూస్తుంటాయి. ఇద్దరం కలిసి వెళ్దాం" అని లేపండి. నచ్చిన బొమ్మ ఎవరికీ ఇవ్వనంటే స్నేహితులు వచ్చే ముందే దాన్ని లోపల పెట్టుకోనివ్వండి, బయట ఉన్నవి పంచుకోవడం తేలికవుతుంది.

అడిగినవాళ్లందరికీ కాదనలేక అన్నీ ఇచ్చేసి, అందరి పనులూ చేసిపెట్టి అలిసిపోయే పిల్లలూ ఉంటారు. వీళ్ల గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి మనం పెద్దగా పట్టించుకోం. రోజూ పెన్సిలు ఇచ్చి ఖాళీ చేతులతో వచ్చే పాపకు "ఇవాళ నాకు కావాలి, రేపు ఇస్తాలే" అనడం నేర్పండి. తనకు సాయం అడగడం కూడా నేర్పండి. "ఇది నాకు రావట్లేదు, చూపిస్తావా?" అన్న మాట ఇంట్లో మీ నోట వాళ్లు విన్నారా అన్నది చూసుకోండి. ఫోన్‌లో ఏదో తెలియక తడుముకుంటున్నప్పుడు, బరువు ఎత్తలేనప్పుడు వాళ్ల ముందే ఎవరినైనా సాయం అడగండి, చేశాక థ్యాంక్స్ చెప్పండి. పక్కింటివాళ్ల నుంచి సాయం తీసుకునేటప్పుడు కూడా పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.